వేలం ప్రకటనలో పొట్టి మాటలు: అల్లుడికి జాబు

అబ్బీ,

నువ్వు పంపిన వేలం ప్రకటన స్క్రీన్‌షాట్ రెండుసార్లు చదివాను. అప్పు కట్టనోడి ఇల్లు బ్యాంకు వేలానికి పెట్టింది. అనంతపురంలో రుద్రంపేట దగ్గర నాలుగు సెంట్లలో ఇల్లు, ఆర్‌పీ (రిజర్వు ధర) 38 లక్షలు, ఈఎండీ (ధరావతు) 3.80 లక్షలు. "బయట 50 లక్షలకి తక్కువ రాదంట మామా, కట్టేయనా?" అని అడిగావు. తొందరపడొద్దు. కడపలో రిజిస్ట్రారు ఆఫీసు ముందర ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆ ప్రకటనలో నీకు అర్థమైంది ధర ఒక్కటే. మిగతా పొట్టి అక్షరాల్లో సగం చెప్పేది ఒకటే మాట, రేపు ఏ చిక్కు వచ్చినా అది కొన్నవాడిదే, బ్యాంకుది కాదు అని.

ముందు చూడాల్సింది ధర కాదు, పొజెషన్ (స్వాధీనం) అనే గడి. నీ ప్రకటనలో అక్కడ 'సింబాలిక్' అని ఉంది, నువ్వు గమనించలేదు. అంటే బ్యాంకు ఆ ఇంటి గోడకు నోటీసు అంటించి, పేపర్లో వేయించి, కాగితం మీద మాత్రమే స్వాధీనం చేసుకుంది. లోపల మనుషులు ఉన్నారు, వంట చేసుకుంటున్నారు, పిల్లలు బడికి పోతున్నారు. 'ఫిజికల్' అని ఉంటేనే తాళం బ్యాంకు చేతిలో ఉన్నట్టు. సింబాలిక్‌లో ఉన్న ఇంటిని ఖాళీ చేయించాలంటే సర్ఫేసీ చట్టం (బాకీ కట్టనివాళ్ల ఆస్తి బ్యాంకు స్వాధీనం చేసుకొని అమ్ముకునే చట్టం) 14వ సెక్షన్ కింద బ్యాంకు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలి. చట్టంలో 30 రోజులు, కారణాలు రాస్తే మొత్తం 60 రోజులు అని ఉంది కానీ ఆ లెక్క నమ్ముకొని అద్దె ఇల్లు ఖాళీ చేయొద్దు.

ఇది నేను ఊరికే చెప్పడంలేదు. 2012లో ఇట్లాంటి ఇల్లే ఒకటి వేలంలో పాడాను. ఆ బ్యాంకు పేరు ఎందుకులే. సింబాలిక్ అనే మాట చదివాను, కానీ అదేదో లాంఛనం అనుకున్నా. డబ్బు కట్టి, సేల్ సర్టిఫికెట్ పట్టుకొని పోతే ఒక ముసలామె తలుపు తీసింది. ఏమని చెప్పాలో నోరు రాలేదు. ఇల్లు చేతికొచ్చేసరికి రెండేళ్లు దాటింది, ఒకపక్క అద్దె, ఒకపక్క వాయిదాలు, మీ అత్త గాజులు అప్పుడే తాకట్టుకు పోయాయి. ఆ టెన్షన్ నీకు వద్దు.

ఇంక లావు అక్షరాల్లో ఉన్న ఆ 'యాజ్ ఈజ్ వేర్ ఈజ్, యాజ్ ఈజ్ వాట్ ఈజ్, వాటెవర్ దేర్ ఈజ్, వితౌట్ రికోర్స్' సంగతి. ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది కదా అని వదిలేస్తారు, అదే తప్పు. ఉన్నచోట ఉన్నట్టుగా, ఉన్న స్థితిలో, దాంతోపాటు ఏముంటే అది నెత్తినేసుకొని తీసుకోవాలి, తర్వాత మా దగ్గరికి రావొద్దు అని దాని భావం. స్థలం కొలత తగ్గినా, పక్కింటోడు గోడ జరిపినా, పాత ఇంటిపన్ను, నీటిపన్ను ఉన్నా నీదే బరువు. కరెంటు బిల్లు కూడా అంతే. వేలంలో కొన్నవాడు పాత బకాయి కడితేనే కనెక్షన్ ఇస్తామని కరెంటోళ్లు తమ నిబంధనల ప్రకారం అడగొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీటరు నెంబరు రాసుకొని మన ఎస్పీడీసీఎల్ (కరెంటు కంపెనీ) ఆఫీసులో బాకీ ఎంతో ముందే అడుగు.

'ఎన్‌కంబ్రన్సెస్ (ఆస్తి మీదున్న అప్పులు, చిక్కులు): నాట్ నోన్' అన్నదాన్ని నువ్వు 'ఏమీ లేవు' అని చదివినట్టున్నావు. మాకు తెలిసినవి లేవు అని మాత్రమే దాని అర్థం. ఉన్నాయో లేదో నువ్వు చూసుకోవాలి. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ముప్పై ఏళ్లకు తీయించు, 22ఏ జాబితాలో (నిషేధిత ఆస్తుల జాబితా) సర్వే నెంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూడు (అందులో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు). ఈసీలో కనిపించనివి కూడా ఉంటాయి, అన్నదమ్ముల భాగాల తగాదా, వీధి దారి తగాదా లాంటివి. అవి ఇరుగుపొరుగును అడిగితేనే బయటపడతాయి. ప్రకటనలో ఎక్కడైనా చిన్నగా 'ఎస్‌ఏ పెండింగ్' అని ఉంటే అప్పు తీసుకున్నవాడు అదే చట్టం 17వ సెక్షన్ కింద డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) పోయినాడని. అట్లాంటిది ఎంత చౌకగా వచ్చినా నేనైతే ముట్టను.

డబ్బు లెక్క చెప్తా విను. ఆర్‌పీ అంటే రిజర్వు ధర, పాట మొదలయ్యే చోటు, ఇంటి ధర కాదు. ఈఎండీ ధరావతు సొమ్ము, ఇక్కడ పదో వంతు అడిగారు, పాట దక్కకపోతే వెనక్కి వస్తుంది. దక్కితేనే అసలు పరుగు. 40 లక్షలకు నీకు దక్కిందనుకో, ఆరోజే, లేదంటే మరుసటి పనిదినానికల్లా 25 శాతం, అంటే 10 లక్షలు, అందులో ఈఎండీ పోను 6.20 లక్షలు కట్టాలి. మిగతా 30 లక్షలు పాట ఖాయం చేసిన పదిహేనో రోజుకల్లా. రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలలదాకా గడువు ఇవ్వొచ్చు, ఇస్తారని లేదు. కట్టలేకపోతే కట్టింది పోతుంది, ఇల్లూ పోతుంది. హోమ్ లోన్ వస్తుందిలే అనుకొని పాడేవాళ్లు ఇక్కడే మునుగుతారు. సింబాలిక్‌లో ఉన్న ఇంటికి లోన్ ఇచ్చేవాళ్లు తక్కువ, పదిహేను రోజుల్లో ఇచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఇస్తామన్న బ్యాంకు నుంచి కాగితం చేతికొచ్చాకే ఈఎండీ సంగతి. రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరే. పాట 50 లక్షలు తాకితే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టుకొని కట్టే బాధ్యత కూడా నీదే.

'బీఐ 25,000' అంటే ఒక్కో పాటకు పెంచాల్సిన మెట్టు. 'ఆటో ఎక్స్‌టెన్షన్ 5 మినిట్స్' అని ఉంది చూడు, చివరి ఐదు నిమిషాల్లో ఎవరు పాడినా ఇంకో ఐదు నిమిషాలు పొడిగిపోతుంది. ఆఖరి సెకనులో కొట్టేద్దామనే ఎత్తులు ఇక్కడ పనికిరావు. నీ ఆఖరి అంకె ముందురోజే కాగితం మీద రాసి మా పాప చేతికివ్వు. అది దాటితే లాప్‌టాప్ మూసేయమని చెప్తా, మీరిద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారు కదా.

నువ్వు కర్నూలులో ఒక ఫ్లాటు కూడా చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. దాంట్లో 'యూడీఎస్' ఎంతో చూడు, స్థలంలో నీకొచ్చే విడదీయని వాటా అది. ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) ఎంత పెద్దగా ఉన్నా రేపు కట్టడం పాతబడ్డాక మిగిలేది ఆ గజాలే. పాతబస్తీ వైపు అయితే 2009 వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలోనే ఎవరినైనా అడుగు. ఇవి ఏ ప్రకటనలోనూ రాయరు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. స్క్రీన్‌షాట్ కాదు, పూర్తి సేల్ నోటీసు దించుకొని నాకు పంపు, చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు) కింద ఉంటుంది, దస్తావేజు నెంబరు కూడా. నకలు నేను తీయిస్తా. ఆదివారం బెంగళూరు నుంచి పొద్దున్నే రైలెక్కు, నేను అనంతపురం వస్తా, ఇద్దరం కలిసి ఆ వీధిలో నడుద్దాం. తలుపు మాత్రం నువ్వు తట్టొద్దు, ఇంట్లో ఉన్నవాళ్లతో నేను మాట్లాడతా.

మీ మామ