కంప్యూటర్ సందేహాలు: ఓర్కా గొంతు మూగబోయినప్పుడు

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. హన్మకొండలో అద్దె గదిలో ఉంటూ కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. విండోస్‌లో, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో పదో తరగతి నుంచి పనిచేసిన అలవాటు ఉంది. ఈ మధ్య మిత్రుడొకరు నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (ఒక రకం లైనక్స్) వేసి ఇచ్చాడు. దానిలోని స్క్రీన్ రీడర్ ఓర్కా బాగానే చదివేది. మొన్న సెమినార్‌లో ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి, పని అయ్యాక తీసేశాను. గదికి వచ్చి ఆన్ చేస్తే ఒక్క మాట కూడా వినపడలేదు. పక్క గదివాళ్లను పిలిచి చూపిస్తే తెర మీద అంతా మామూలుగానే ఉందన్నారు. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మార్గమని మిత్రుడు అంటున్నాడు. ఎవరి సాయమూ లేకుండా నేనే సరిచేసుకునే వీలు ఉందా? ఇంకొకటి, ఓర్కాకు ఆదేశాలిచ్చే కీగా క్యాప్స్ లాక్ నొక్కితే అక్షరాలన్నీ పెద్దబడిలోకి మారిపోతున్నాయి. ఇది ఎందుకు జరుగుతోంది?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: మళ్లీ ఇన్‌స్టాల్ చేయవద్దు. చూపున్నవారు స్పీకర్ పనిచేయకపోతే సెట్టింగులు తెరిచి చూస్తారే తప్ప సిస్టమ్ మొత్తాన్ని తుడిచేయరు. మీకూ అదే వర్తిస్తుంది. పైగా కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో కూడా మళ్లీ ప్రొజెక్టర్ తగిలించిన రోజున ఇదే సమస్య తలెత్తవచ్చు.

ముందుగా మాట మీ చెవిదాకా ఏ దారిలో వస్తుందో తెలుసుకుంటే వెతకడం సులువవుతుంది. తెర మీద ఏముందో అప్లికేషన్లు ఏటీ-ఎస్‌పీఐ అనే మార్గం ద్వారా ఓర్కాకు చెబుతాయి. చదవవలసిన వాక్యాన్ని ఓర్కా స్పీచ్ డిస్పాచర్ అనే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది. అది ఈస్పీక్ ఎన్‌జీ అనే సింథసైజర్ చేత ఆ వాక్యాన్ని శబ్దంగా మార్పిస్తుంది. ఆ శబ్దాన్ని పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్ సౌండ్ కార్డుకు చేరవేస్తుంది. వీటిలో ఏది ఆగిపోయినా మీకు మిగిలేది ఒకే రకమైన నిశ్శబ్దం కనుక, లోపం ఎక్కడుందో నిశ్శబ్దాన్ని బట్టి తెలియదు. దానిని పరీక్షలతో రాబట్టాలి.

మొదటి పరీక్షకు ఏ ఆదేశమూ అక్కర్లేదు. కీబోర్డు మీద శబ్దం పెంచే కీని నాలుగైదు సార్లు నొక్కండి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఆ కీ నొక్కిన ప్రతిసారీ చిన్న 'టప్' శబ్దం వస్తుంది. మ్యూట్ అయి ఉంటే అది కూడా తొలగిపోతుంది. ఆ శబ్దం వినపడితే పైప్‌వైర్, సౌండ్ కార్డు, స్పీకరు మూడూ బాగున్నట్టే, లోపం ఓర్కాలోనో స్పీచ్ డిస్పాచర్‌లోనో ఉంది. వినపడకపోతే ఓర్కాను ఎంత కదిపినా ప్రయోజనం లేదు, అది లోపల మాట్లాడుతూనే ఉండవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఓర్కాను తీసేసి మళ్లీ వేసుకుంటూ పూటంతా పోగొట్టుకునేవారే ఎక్కువ.

'టప్' వినపడిందనుకుందాం. అప్పుడు ఇన్‌సర్ట్ కీ పట్టుకుని ఎస్ నొక్కండి. మాటను ఆపివేసే, తిరిగి తెచ్చే మీట అదే. ఎన్‌వీడీఏలోనూ ఇదే జంట మాట్లాడే పద్ధతిని మారుస్తుంది కాబట్టి, పాత అలవాటుతో చేయి దానిమీద పడే అవకాశం మీకు ఎక్కువ. అది కారణం కాకపోతే ఆల్ట్, సూపర్ (విండోస్ గుర్తున్న కీ), ఎస్ మూడూ కలిపి నొక్కి ఓర్కాను ఆపండి. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ అవే నొక్కి మొదలుపెట్టండి. అప్పటికీ పలకకపోతే కంట్రోల్, ఆల్ట్, టి నొక్కి టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరవండి. ఈ శీర్షికను స్క్రీన్ రీడర్‌తో వినే పాఠకులు ఉన్నారు గనుక ఆదేశాలను అక్షరాలుగా విడదీసి రాస్తున్నాను. టైపు చేయవలసింది మాత్రం ఇంగ్లిషు చిన్నబడిలోనే. ఎస్, పి, డి, హైఫన్, ఎస్, ఎ, వై అని కొట్టి, ఖాళీ వదిలి, ఏదైనా ఇంగ్లిషు మాట రాసి ఎంటర్ నొక్కండి. ఈ ఆదేశం ఓర్కాను పక్కనపెట్టి నేరుగా స్పీచ్ డిస్పాచర్‌తో మాట్లాడిస్తుంది. ఆ మాట వినపడితే తప్పు ఓర్కాదే. ఆల్ట్, ఎఫ్2 నొక్కి వచ్చే పెట్టెలో ఓ, ఆర్, సి, ఎ అని రాసి, ఖాళీ, రెండు హైఫన్లు, ఆ వెంటనే ఆర్, ఇ, పి, ఎల్, ఎ, సి, ఇ అని చేర్చి ఎంటర్ నొక్కితే, మొరాయించిన ఓర్కా స్థానంలో కొత్తది మొదలవుతుంది. మాట వినపడకపోతే స్పీచ్ డిస్పాచర్ ఇరుక్కుపోయింది. పి, కె, ఐ, ఎల్, ఎల్, ఖాళీ, హైఫన్, ఎఫ్, ఖాళీ, తరువాత స్పీచ్-డిస్పాచ్ (ఎస్, పి, ఇ, ఇ, సి, హెచ్, హైఫన్, డి, ఐ, ఎస్, పి, ఎ, టి, సి, హెచ్) అని కొడితే అది ఆగిపోతుంది. తరువాత ఎవరు మాట్లాడించబోయినా తనంతట తానే లేస్తుంది.

మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే మీ ల్యాప్‌టాప్‌లో 'టప్' కూడా వినపడి ఉండదు. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్నీ తీసుకుపోతుంది. ప్రొజెక్టర్ తగిలినప్పుడు శబ్దం అటు మళ్లింది. కేబుల్ తీసేశాక అది స్పీకర్లకు తిరిగి రావాలి, చాలా కంప్యూటర్లలో వస్తుంది కూడా. కొన్నింటిలో మాత్రం వైర్‌ప్లంబర్, అంటే ఏ శబ్దం ఎటు పోవాలో పైప్‌వైర్‌కు చెప్పే ప్రోగ్రామ్, పాత ఎంపికనే గుర్తుపెట్టుకుని కూర్చుంటుంది.

ఇక్కడ అసలు ఇబ్బంది మరొకటి ఉంది. శబ్దాన్ని సరిచేయాలంటే తెర మీద ఏముందో వినాలి, వినాలంటే శబ్దం ఉండాలి. దీనికి యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌ను మించిన విరుగుడు లేదు. వేలెడంత ఉంటుంది, ఖరీదు కూడా తక్కువ. హన్మకొండ చౌరస్తా దగ్గరి కంప్యూటర్ దుకాణాల్లో అడిగి చూడండి. మామూలు ఇయర్‌ఫోన్ గుచ్చితే అదే సౌండ్ కార్డు మీద పడుతుంది. యూఎస్‌బీ అడాప్టర్ అలా కాదు, అది తానే ఒక ప్రత్యేక సౌండ్ కార్డు. గుచ్చగానే పైప్‌వైర్ సాధారణంగా శబ్దాన్ని దానికి మళ్లిస్తుంది కనుక ఓర్కా గొంతు అందులోంచి వినిపిస్తుంది. లైనక్స్ వాడే చూపులేని ప్రతివారి సంచిలో ఇది ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఓర్కా మాట్లాడాక టెర్మినల్‌లో డబ్ల్యు, పి, సి, టి, ఎల్, ఖాళీ, ఆ తరువాత స్టేటస్ (ఎస్, టి, ఎ, టి, యు, ఎస్) అని కొట్టండి. వచ్చే జాబితాలో 'సింక్స్' అనే భాగంలో శబ్దం వెలువడే మార్గాలు వరుస సంఖ్యలతో ఉంటాయి. ప్రస్తుతం వాడుకలో ఉన్నదాని ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. ఓర్కా దానిని పలకకపోతే ఆ వరుసను బాణం కీలతో అక్షరం అక్షరంగా వినండి. మీ స్పీకర్ల సంఖ్య తెలిశాక, అదే డబ్ల్యుపీసీటీఎల్ తరువాత సెట్-డిఫాల్ట్ (ఎస్, ఇ, టి, హైఫన్, డి, ఇ, ఎఫ్, ఎ, యు, ఎల్, టి), ఖాళీ, ఆ సంఖ్య రాసి ఎంటర్ నొక్కితే శబ్దం స్పీకర్లకు తిరిగి వస్తుంది. స్పీకర్లే జాబితాలో లేకపోతే వైర్‌ప్లంబర్ జ్ఞాపకాన్ని చెరిపేయవలసి ఉంటుంది: మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే 'లోకల్' అనే దాచిన ఫోల్డర్, దానిలో 'స్టేట్', దానిలో ఉండే 'వైర్‌ప్లంబర్' ఫోల్డర్‌ను తొలగించి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. అందులో ఉండేవి శబ్దానికి సంబంధించిన పాత ఎంపికలే తప్ప మీ ఫైళ్లేవీ కావు.

గొంతు తిరిగి వచ్చిన రోజునే చేసుకోవలసిన పని మరొకటి ఉంది. ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అనే ప్యాకేజీని ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. ఫోన్‌లో టెర్మక్స్ యాప్ పెట్టుకుని అందులో ఎస్ఎస్‌హెచ్ వేసుకుంటే, రెండూ ఒకే వైఫై మీద ఉన్నంతవరకు ఫోన్‌లోంచి ల్యాప్‌టాప్‌కు ఆదేశాలు ఇవ్వవచ్చు, జవాబులు ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ చదివి పెడుతుంది. ల్యాప్‌టాప్ ఐపీ చిరునామాను హెచ్, ఓ, ఎస్, టి, ఎన్, ఎ, ఎం, ఇ, ఖాళీ, హైఫన్, పెద్దబడి ఐ అనే ఆదేశంతో ముందే తెలుసుకుని ఫోన్‌లో రాసి పెట్టుకోండి. అయితే రూటర్ ఆ చిరునామాను అప్పుడప్పుడు మారుస్తుందని గుర్తుంచుకోండి.

క్యాప్స్ లాక్ సంగతి వేరు. ఉబుంటు 24.04 మామూలుగా వేలాండ్ అనే కొత్త పద్ధతిలో తెరుచుకుంటుంది. వేలాండ్‌లో భద్రత కోసం ఒక ప్రోగ్రామ్‌లో నొక్కే కీలను మరో ప్రోగ్రామ్ వినకుండా అడ్డుకుంటారు. స్క్రీన్ రీడర్ పనే కీలను వినడం కనుక ఓర్కాకు చిక్కు వచ్చిపడింది. వేలాండ్‌ను డెస్క్‌టాప్‌లలోకి తెచ్చినవారు ఈ సంగతిని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టారనే చెప్పాలి. ఉబుంటు వాడే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్; 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48లో క్యాప్స్ లాక్‌తో సహా ఓర్కా కీలు వేలాండ్‌లో సరిగా పనిచేసేలా చేశారు. మీ దాంట్లో ఉన్నది గ్నోమ్ 46. కాబట్టి ప్రస్తుతానికి లాగిన్ తెర మీద మీ పేరు ఎంచుకున్నాక, పాస్‌వర్డ్ పెట్టె నుంచి ట్యాబ్ కీతో జరుగుతూ సెషన్ ఎంచుకునే బటన్‌కు చేరి 'ఉబుంటు ఆన్ జార్గ్' (వేలాండ్‌కు ముందున్న పాత పద్ధతి) అన్నదాన్ని ఎంచుకోండి. లాగిన్ తెర మీద ఓర్కా పలకకపోతే అక్కడ కూడా ఆల్ట్, సూపర్, ఎస్ నొక్కితే మొదలవుతుంది; ఆ తెర సెట్టింగులు మీ ఖాతా సెట్టింగులకు వేరుగా ఉంటాయి.

ప్రశ్న: మా బడిలో చూపులేని విద్యార్థికి పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చాం. దానిలో లైనక్స్‌ను అతడే స్వయంగా ఇన్‌స్టాల్ చేసుకోగలడా?
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: చేసుకోగలడు, దాదాపు పూర్తిగా. ఇందుకు డెబియన్ అనే లైనక్స్ రకాన్ని తీసుకోండి. దాని ఇన్‌స్టాలర్ మెనూ రాగానే 'బీప్' వస్తుంది. అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ నొక్కితే ఇన్‌స్టాలర్ మాట్లాడడం మొదలుపెడుతుంది. ప్రతి ప్రశ్నకూ జవాబులు సంఖ్యలతో చదువుతుంది, కావలసిన సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కాలి. మాటలతో ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో తరువాత కూడా మాట ఉండేలా అదే అమర్చుకుంటుంది. లోపల బీపర్ లేని కంప్యూటర్లలో 'బీప్' రాదు. కాస్త ఆగి ఎస్ నొక్కి చూడాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి సౌండ్ కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంది కనుక, 'శబ్దం లేదు కాబట్టి ఇన్‌స్టాల్ చేయలేను' అనే పాత చిక్కు చాలావరకు తీరింది.

మాట రాని చోటు ఒక్కటే: పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయమని చెప్పే బయోస్ తెర. ఏ స్క్రీన్ రీడరూ దానిని చదవదు. ఫోన్ కెమెరాతో అక్షరాలు చదివే లుకౌట్ వంటి యాప్ కొంత సాయపడుతుంది, కాకపోతే ఆ రెండు నిమిషాలు మీరు పక్కన కూర్చోండి. బూట్ మెనూ ఏ కీతో వస్తుందో, బాణం ఎన్నిసార్లు నొక్కాలో అతడికి చెప్పి రాయించండి. మరోసారి మీ అవసరం ఉండదు.

ప్రశ్న: ఓర్కా తెలుగు చదువుతుందా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చదువుతుంది. ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు ఉంది. ఇన్‌సర్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే ఓర్కా ప్రాధాన్యాలు తెరుచుకుంటాయి. 'వాయిస్' ట్యాబ్‌లో భాషగా తెలుగును ఎంచుకోండి. ఉచ్చారణ యంత్రం పలికినట్టే ఉంటుంది, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వేగంగా వచ్చినప్పుడు నలుగుతాయి. వేగం కాస్త తగ్గిస్తే అర్థమవుతుంది. వాక్యం మధ్యలో వచ్చే ఇంగ్లిషు మాటలను ఇంగ్లిషు పద్ధతిలోనే పలుకుతుంది కాబట్టి రోజువారీ పనికి తెలుగు గొంతును స్థిరంగా ఉంచుకున్నా ఇబ్బంది లేదు. టెర్మినల్‌లో ఎక్కువగా పనిచేసేవారు మాత్రం ఇంగ్లిషు గొంతుతో ప్రత్యేక ప్రొఫైల్ (సెట్టింగుల కూర్పు) ఒకటి ఓర్కా ప్రాధాన్యాల్లోనే భద్రపరచుకుంటే మంచిది.