పిల్లలకు చలి టోపీ: మన ఇంటి జ్ఞాపకం కలిసేలా ఏం అల్లొచ్చు?

మీ పాప ఊలు టోపీ పెట్టగానే పీకి పారేస్తోందని, ఇంటి జ్ఞాపకం ఏదైనా కలిపి సరదాగా అల్లాలని ఉందని అడిగారు కదా. మా వాడికి నేను గంగిరెద్దు టోపీ అల్లాను. మేముండేది టొరంటోలో, జనవరిలో టోపీ లేకుండా గడప దాటలేం.

మాది కోనసీమ. సంక్రాంతి రోజుల్లో గంగిరెద్దుల వాళ్ళు వస్తే నాయనమ్మ పాత చీరలిచ్చేది. ఒక ఏడాది ఆ ఎద్దు, అంతకుముందు ఆవిడ ఇచ్చిన పసుపు చీరే కప్పుకుని మా వాకిట్లోకి వచ్చింది. మెరూన్ అంచు, చిరిగినచోట నాయనమ్మ వేసిన ఆకుపచ్చ అతుకుతో సహా! "నాకంటే దీనికే నప్పిందిరా" అందావిడ. ఇంట్లో అందరూ కలిస్తే ఇప్పటికీ ఆ మాట రావాల్సిందే.

అందుకే టోపీ పసుపు, అంచు మెరూన్, చెవి పైన ఆకుపచ్చ అతుకు. కళ్ళు, ముక్కు పెట్టలేదు. అవి పెడితే బజార్లో దొరికే బొమ్మ టోపీ అయిపోతుంది. మీ వాళ్ళు చూడగానే గుర్తుపట్టే గుర్తు ఒక్కటుంటే చాలు.

నాలుగేళ్ళ పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెం.మీ. ఉంటుంది. టోపీ సాగి పట్టుకోవాలి కాబట్టి 44 సెం.మీ.కి అల్లండి. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి. 4 మి.మీ. సూదుల మీద 10 సెం.మీ.కి 20 కుట్లు వస్తుంటే 88 కుట్లు ఎక్కించి, గుండ్రంగా కలిపి అల్లాలి. రెండు నిట్ (మామూలు కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు) చొప్పున 5 సెం.మీ. రిబ్, అంటే సాగే గీతల పట్టీ, ఆపైన అంతా నిట్. మొత్తం 14 సెం.మీ. ఎత్తు వచ్చాక వరస విడిచి వరసలో 8 చోట్ల రెండేసి కుట్లు కలుపుతూ పోతే చివరికి 8 మిగులుతాయి. వాటిలోంచి దారం దూర్చి బిగించేయడమే.

కొమ్ములే అసలు సరదా. ఒక్కోదానికి 18 కుట్లు, నాలుగు వరసలకోసారి రెండు తగ్గించాలి. కొన దగ్గర బంగారు రంగు ఊలు కలిపితే ఇత్తడి కుప్పెలు తొడిగినట్టే ఉంటుంది. లోపలివైపు ఒక దారం పోనిచ్చి లాగితే కొమ్ము దానంతటదే వంగుతుంది. దూది మాత్రం కొంచెమే పెట్టండి. కొమ్ములు బిర్రుగా నిలబడితే జాకెట్ హుడ్ పైకి రాదు, మంచు అంతా మెడలోకే.

నుదుటి మీద గవ్వల దండకి బదులు తెల్ల ఊలుతో చిన్న ముడులు కుట్టండి. నిజం గవ్వలు, మువ్వలు వద్దు, ఊడితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గడ్డం కింద కట్టే తాళ్ళు కూడా వద్దండీ, ఆటల్లో దేనికైనా చిక్కుకుంటే ప్రమాదం. ఊలు దురద పెడుతుందని మీ పాప గొడవ చేస్తుంటే అక్రిలిక్ తీసుకోండి, వాషింగ్ మెషీన్‌లో వేసినా ఏం కాదు.

మా వాడైతే టోపీ పెట్టుకుని "పాలు తాగుతావా" అంటే గంగిరెద్దులా తల ఊపుతాడు. తాగడం వేరే సంగతి.