తొంభై దాటగానే వణికే స్టీరింగ్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడ హైవే మీద బండి తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతోందనీ, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదనీ, ఇప్పుడు నాలుగు టైర్లూ మార్చెయ్యమంటున్నారనీ రాశావు. టైర్లు కొనడానికి తొందరపడకు. వణుకు ఏ వేగంలో మొదలవుతోంది, ఎక్కడ తగ్గుతోంది, చేతికి తెలుస్తోందా సీటుకు తెలుస్తోందా, బ్రేకు తొక్కితే ఏమవుతోంది, యాక్సిలరేటర్ వదిలితే ఏమవుతోంది అన్న సంగతులు డ్రైవరు సీట్లో కూర్చున్న నీకే తెలియాలి గాని, బండిని జాకీ మీద ఎత్తి చూసే మనిషికి తెలిసే వీలు లేదు. అవి సరిగ్గా గమనించి చెప్పగలిగితే సగం పని అక్కడే తేలిపోతుంది. చెప్పలేకపోతే షాపులో ఏ మిషను ఖాళీగా ఉంటే ఆ పని చేసి పంపిస్తారు.

అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయో సరిచూడటం. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున ముందుగా అరిగిపోతుంది. అంతేగాని ఫలానా వేగంలోనే వచ్చే వణుకు దానివల్ల సాధారణంగా రాదు. ఈ వణుకుకు చూడవలసింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న బరువు బిళ్లలు అంటించి సరిచెయ్యడం. రెండూ ఒకే షాపులో, ఒకే పూట చేస్తారు కాబట్టి ఒకటి అయితే రెండోదీ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నీ బిల్లులో బ్యాలెన్సింగ్ అన్న మాట ఉందో లేదో ముందు చూసుకో.

తొంభై దాకా ఊరుకున్న చక్రం ఆ తరువాతే ఎందుకు వణుకుతుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నీ బండికి ఉన్న 185/65 ఆర్ 15 సైజు టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు కాబట్టి, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాముల బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది నాలుగున్నర కిలోల బరువంత బలంతో చక్రాన్ని సెకనుకు 14 సార్లు గుంజుతుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ఊళ్లో తిరిగేటప్పుడు నీకేమీ తెలియదు. పైగా చక్రం, దాన్ని బిగించే హబ్బు, బ్రేకు కలిసి సస్పెన్షన్ (బండిని మోసే స్ప్రింగుల అమరిక) మీద ఊగడానికి తమకంటూ ఒక లయ ఉంటుంది. చాలా కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 ఊపుల మధ్య ఉంటుంది. చక్రం తిరుగుడు ఆ లయను అందుకున్నప్పుడు వణుకు పెద్దదై, దాటిపోయాక తగ్గినట్లనిపిస్తుంది. ‘నూటపదిలో పోతే బాగానే ఉంటోంది’ అని కొందరు చెప్పేది దీన్నే. అక్కడ నీ చేతికి తెలియడం మానేసిందేగాని, గుంజే బలం పెరుగుతూనే ఉంటుంది. ఆ దెబ్బ చక్రం తిరిగే బేరింగులూ, సస్పెన్షన్ అతుకుల్లోని రబ్బరు బుష్షులూ తింటుంటాయి.

పరీక్షకు బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు ప్రకారం గాలి పెట్టించు. బండి చాలా రోజులు కదలకుండా నిలబడి ఉంటే టైరు అడుగుభాగం కొంచెం చదునై, మొదటి పదిహేను ఇరవై కిలోమీటర్లు వణికి, వేడెక్కాక దానంతటదే సర్దుకుంటుంది. కాబట్టి కాసేపు నడిపాకే లెక్కలోకి తీసుకో. తెల్లవారాక, రద్దీ పెరగకముందు ఔటర్ రింగ్ రోడ్డు మీద నునుపైన తారు ఉన్నచోట, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని రాయించు. నడిపేవాడు రాయకూడదు. నూరు దాటనవసరం లేదు. రోడ్డు తప్పును బండికి అంటగట్టకుండా మరో చోట కూడా నడిపి చూడు. సిమెంటు రోడ్డు అతుకులు మంచి బండిని కూడా దడదడలాడిస్తాయి.

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, స్టీరింగ్ నిలకడగా ఉండి సీటూ కాళ్ల కింది నేలా అదిరితే వెనుక చక్రాలను అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడే వణికి, పెడల్ కూడా పాదాన్ని తంతున్నట్లుంటే బ్రేకు డిస్కు మందం అంతటా ఒకేలా లేదన్నమాట. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వచ్చి, వదలగానే పోతుంటే, ఇంజను బలాన్ని చక్రానికి అందించే యాక్సిల్ లోపలి జాయింటును చూపించాలి. ఇంజను వల్ల కాదని తేల్చుకోవాలంటే అదే వేగంలో ఐదో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి నడిపి చూడు. ఇంజను తిరుగుడు మారినా వణుకు మారకపోతే తప్పు చక్రాలదే. ఇరవై ముప్పైలోనే బండి ముందుభాగం అటూ ఇటూ నెమ్మదిగా ఊగుతుంటే మాత్రం అది బ్యాలెన్సింగ్‌తో పోయేది కాదు. రిమ్ము వంగి ఉండాలి, లేదా టైరు లోపలి ఉక్కు తీగల పొర విడిపోయి ఉండాలి.

తరువాత చక్రాలను తీరికగా చూడు. వానల్లో మీ ఊరి పొలం దారిన వెళ్లి వచ్చానన్నావు కదా, రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడు. నల్లరేగడి ఒకచోట అట్టకట్టి ఎండిపోతే అదొక్కటే ఈ గొడవంతటికీ చాలు. వాటర్ వాష్‌లో లోపలి నుంచి కొట్టించగానే వణుకు మాయమైన బండ్లున్నాయి. అల్లాయ్ రిమ్ముల లోపల బూడిదరంగు బరువు బిళ్లలు వరుసగా అంటించి ఉంటాయి. చుట్టూ బ్రేకు మసి పట్టి, మధ్యలో బిళ్లంత మేర మాత్రం శుభ్రంగా, జిగురు మరకతో కనిపిస్తే అక్కడి బిళ్ల ఊడిపోయినట్లు.

చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తు. బండి కిందికి మాత్రం దూరకు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక తెలిస్తే బేరింగును గాని, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటును గాని, ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే కదిలితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొసను, అంటే టై రాడ్ ఎండ్‌ను అనుమానించాలి. అరిగిన జాయింట్లు వణుకును పుట్టించడం తక్కువ, పుట్టినదాన్ని పెంచి చేతికి అందించడం ఎక్కువ. ఆ పైన ఒక ఇటుక మీద స్క్రూడ్రైవరు పెట్టి, దాని మొన టైరుకు తగిలీ తగలనట్లు ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పు. మధ్యనున్న సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే, అదే పరీక్ష రిమ్ము అంచు దగ్గర చెయ్యి. రిమ్ము సాఫీగా తిరిగి టైరు ఒక్కటే ఎగిరెగిరి పడుతుంటే టైరుదే తప్పు.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు దగ్గర నిలబడి చూడటానికి మొహమాటపడకు. పాత బిళ్లలన్నీ తీసి, రిమ్ము తుడిచాకే మిషను మీదికి ఎక్కించాలి. మిషను సున్నా చూపించాక చక్రాన్ని విప్పి, కొంచెం తిప్పి మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమను. అప్పుడు అంకెలు బాగా మారితే చక్రం మిషను మీద సరిగ్గా కూర్చోలేదన్నమాట, అంతవరకు చేసినదంతా వృథా. ఒక్క చక్రానికే ఎనభై, వంద గ్రాములు అడుగుతుంటే బిళ్లలు అంటిస్తూ పోకుండా, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమను. తిరిగి బండికి బిగించేటప్పుడు హబ్బు ముఖం మీది తుప్పు గోకించు. నట్లు ముందు చేత్తో పట్టించి, ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. గాలి గన్నుతో ఒకే దెబ్బకు బిగిస్తే చక్రం వంకరగా కూర్చోవచ్చు.

అప్పటికీ పోకపోతే ముందు చక్రాలు వెనక్కి, వెనుకవి ముందుకు మార్పించు. ఏ పక్కవి ఆ పక్కనే ఉండనీ. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి చేరితే దోషం ఆ రెండు చక్రాల్లోనే ఉన్నట్లు, కాబట్టి నాలుగు టైర్ల ఖర్చు నీకు తప్పినట్లే. స్టీరింగ్‌లోనే ఉండిపోతే చక్రాలను వదిలేసి హబ్బు, బేరింగు, టై రాడ్‌ల వైపు వెళ్లాలి. ఖర్చు తక్కువ, తేల్చి చెప్పేది ఎక్కువ కాబట్టి నేను ఈ పరీక్షనే అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను.

టైరు పక్క గోడ మీద గాని, అరుగుడు భాగం మీద గాని చేతికి బుడగలా ఉబ్బు తగిలితే, లేదా వణుకు పూటపూటకూ పెరుగుతుంటే ఈ పరీక్షలేవీ పెట్టుకోకు. నట్లు వదులయ్యాయేమో అక్కడికక్కడే చూసుకుని, ఉబ్బిన టైరు తీసి స్టెప్నీ వేసుకుని, నెమ్మదిగా షాపుకు వెళ్లు. స్టెప్నీ సన్నటిదైతే దాని మీద రాసిన వేగ పరిమితి, చాలావాటికి 80, దాటకు. టైరు వయసు తెలియాలంటే, దాని పక్క గోడ మీద DOT అని మొదలయ్యే వరుస చివరి నాలుగంకెలు చూడు; అవి టైరు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. నీ నాలుగు టైర్ల అంకెలూ, చక్రాలు మార్చాక వణుకు ఎక్కడికి చేరిందన్నదీ నాకు రాసి పంపు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వంద కిలోమీటర్లు నడిపాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూసుకో.

ఇట్లు,
మామయ్య