వేలిముద్ర పోలిక కొట్టెయ్

బరంపురం

బాబూ,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. నక్షత్రాల వెలుగు మీద తెలుగులో రాయాలన్న ఉత్సాహం నచ్చింది. మార్చాల్సినవి ఉన్నాయి.

పాతకాలం ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంతతో మొదలుపెట్టావు. ఒడిశా తెలుగువాళ్లం, ఆయన మనవాడే. కానీ ఆయన వెదురు పనిముట్లతో గ్రహాలు ఎక్కడున్నాయో కొలిచాడు గానీ, వెలుగును విడదీయలేదు. ఆ పేరా మరో వ్యాసానికి దాచుకో.

‘గుంటూరులో హీలియం దొరికింది’ అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. అందరూ అలాగే రాస్తారు, అసలు జరిగింది ఇంకా బాగుంటుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో, గీతలు ఎంతగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడే చూశాడు. పసుపు గీతను గమనించినవాళ్లలో కొందరు అది సోడియమే అనుకున్నారు. సోడియం జంట గీతల తరంగదైర్ఘ్యం 589.0, 589.6 నానోమీటర్లు, ఇదేమో, అంటే హీలియం గీత, 587.6. అక్టోబరులో ఇంగ్లండు నుంచి చూసిన లాకియర్ ఆ కాస్త తేడానూ వదల్లేదు. భూమ్మీద హీలియం రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కింది 1895లో. అంకెలు రాస్తే బోర్ కొడుతుందని భయపడకు, ఇక్కడ కథంతా ఆ అంకెల్లోనే ఉంది.

ఇక అసలు గొడవ. ‘ప్రతి మూలకానికీ వేలిముద్రలాంటి గీతలుంటాయి’ అన్నావు. ఆ పోలిక కొట్టెయ్. గీతను బట్టి ఏ మూలకమో చెప్పగలం, నిజమే. గీత ముదురుగా ఉందని ఆ మూలకం ఎక్కువుందనుకోకూడదు. సూర్యుడి వర్ణపటంలో కాల్షియం గీతలు దట్టంగా ఉంటాయి, ఇనుము గీతలకు లెక్కే లేదు. అందుకే సూర్యుడూ భూమీ ఒకే సరుకని పెద్దపెద్దవాళ్లే నమ్మారు. వేడిని బట్టి పరమాణువులు ఎంతమేర ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో 1920లో మేఘనాథ్ సాహా సమీకరణం ఇచ్చాడు. దాని ఆధారంగా 1925లో సిసిలియా పేన్ అనే పరిశోధకురాలు లెక్క వేసింది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,800 కెల్విన్లు. ఆ వేడిలో కంటికి కనబడే గీత వేయగల స్థితిలో ఉండే హైడ్రోజన్ పరమాణువులు బహు కొద్ది. ఆ కొద్ది పరమాణువులకే గీత కనబడుతోందంటే మొత్తం హైడ్రోజన్ ఎంత ఉండాలి? లోహాలకు లక్షల రెట్లని తేలింది. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త రసెల్ అంతటివాడు అసాధ్యమన్నాడు. ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని ఆమే తన థీసిస్‌లో రాసుకోవాల్సి వచ్చింది. 1929లో రసెలే వేరే దారిలో వచ్చి అదే మాట అన్నాడు. దీనికి నువ్వు ఒక్క లైనిచ్చావు. పేజీ ఇవ్వు.

గెలాక్సీల రెడ్‌షిఫ్ట్, అదే గీతలు ఎరుపు వైపు జరగడం, మాత్రం కుదించు. 3సీ 273 అనే క్వేసార్ (చాలా దూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే కాంతి) ఒక్కటి చాలు. అందులో అంతుపట్టని గీతలు హైడ్రోజన్‌వేనని, 16 శాతం ఎరుపు వైపు జరిగాయని 1963లో ష్మిట్ గుర్తుపట్టాడు. 486 నానోమీటర్ల దగ్గరుండాల్సిన గీత 563 దగ్గరుంది. బిగ్ బ్యాంగ్ దాకా పోకు.

మన వైపు పిల్లలు చాలామంది బడిలో ఒడియా చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్లు. వాక్యాలు పొట్టిగా ఉంచు. అలాగని చిన్నపిల్లలకు చెప్పినట్టు రాయకు, వాళ్లకు చిరాకు.

మీ ఊళ్లో పాత పసుపు సోడియం వీధి దీపం మిగిలుంటే, దాని వెలుగు పాత సీడీ మీద పడేలా వాల్చి చూడు. ఇంట్లో ఎల్ఈడీ బల్బుతోనూ అలాగే చూసి, నీ కంటికి కనబడిన తేడా రాయి.

దసరాలోగా పంపు. తర్వాత మనవరాలి పెళ్లి టెన్షన్‌లో ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు