గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకు మర్యాదలు ఎలా నేర్పాలి?

ఆన్‌లైన్ చర్చా గ్రూపుల్లో కొత్తవాళ్లకు పద్ధతులు ఎలా అలవాటు చేయాలని అడిగారు. నిబంధనల చిట్టా చేతికిస్తే చదివేవాళ్లు తక్కువ. పాతవాళ్లు ఎలా మాట్లాడుకుంటున్నారో చూసే ఎక్కువమంది నేర్చుకుంటారు.

యూజ్‌నెట్ అనే పాతకాలపు ఆన్‌లైన్ చర్చా వేదిక నడిచిన రోజుల్లో ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు, కొన్నాళ్లకు దారిలో పడేవారు. 1993 తర్వాత కొత్తవాళ్ల రాక ఏడాది పొడవునా సాగడంతో నేర్పేవాళ్లు చాలలేదు. 1995లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే మర్యాదల పత్రం, ఏదైనా రాసేముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమంది. ఇప్పుడు అంత ఓపిక ఆశించలేం గానీ, రెండు మూడు రోజులు చదివి రాయమనడం న్యాయమే.

తప్పు జరిగితే నలుగురిలో కాకుండా విడిగా చెప్పండి. ముందు వాళ్ల ప్రశ్నకు జవాబివ్వండి. ఆ తర్వాత 'శీర్షికలోనే విషయం రాస్తే జవాబు త్వరగా వస్తుంది' అని కారణంతో సహా చెప్పండి. 'ముందు వెతుక్కోవచ్చుగా' అని కసిరితే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. కసిరే బదులు పాత చర్చ లింకు ఇవ్వండి, అర నిమిషం పని. వ్యక్తిగత దూషణ సంగతి మాత్రం వేరు. అక్కడ కొత్త, పాత తేడా చూడకుండా వెంటనే ఆపాలి.