అమెరికా అంతర్యుద్ధంలో మామూలు సిపాయి రోజులు ఎలా గడిచేవి?

అమెరికాలోని ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య 1861–65లో జరిగిన ఆ యుద్ధం అనగానే తుపాకీ పట్టుకుని పరిగెత్తే మనిషే గుర్తొస్తాడు. నిజానికి పోరాటం జరిగిన రోజులు తక్కువ. మిగతా కాలమంతా డ్రిల్లు, కాపలా, కట్టెలు కొట్టడం, మైళ్లకొద్దీ నడక, ఇంటి నుంచి ఉత్తరం కోసం ఎదురుచూపు.

ఉత్తరాది సిపాయి తిండి ఉప్పు పట్టించిన పంది మాంసం, కాఫీ, 'హార్డ్‌టాక్' అనే రాయిలాంటి బిస్కెట్. దాన్ని తుపాకీ మడమతో పగలగొట్టి వేడి కాఫీలో వేసేవాళ్లు. లోపలి పురుగులు పైకి తేలితే తీసేసి, అదే కాఫీ తాగేవాళ్లు. దక్షిణాది వాళ్లకు చాలాసార్లు మొక్కజొన్న పిండే దిక్కు. అసలు సిసలు కాఫీ దొరకడం గగనం.

తూటాల కంటే విరేచనాలు, టైఫాయిడ్ లాంటి రోగాలే ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నాయి. చనిపోయినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు అలా పోయినవాళ్లే.

నన్ను బాగా కలచివేసేది జీతం సంగతి. ఉత్తరాదిలో తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్లజాతి సిపాయికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. నల్లజాతి సిపాయిల దళమైన 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ వాళ్లు ఆ తక్కువ జీతం ముట్టుకోకుండానే పోరాడారు. 1864 జూన్‌లో గానీ అమెరికా కాంగ్రెస్ సమాన జీతానికి ఒప్పుకోలేదు.