అరబీలో ఉండే "ఐన్" శబ్దం ఇంకే భాషల్లో అయినా ఉందా?

ఉంది కానీ చాలా తక్కువ, వంద భాషలు తీసుకుంటే నాలుగైదింటిలో ఇలాంటి గొంతు హల్లులు దొరకొచ్చు అంతే. ముందు అది ఎలా పుడుతుందంటే, నాలుక మొదలు వెనక్కి జరిగి గొంతు గోడని దాదాపు తాకేంత దగ్గరకొస్తుంది, ఆ ఇరుకులోంచి స్వరం నొక్కినట్టు వస్తుంది. చాలామంది దీన్ని "అ" అనేస్తారు గానీ అది అచ్చు కాదు, హల్లే. అరబ్, ఇరాక్, అలీ ఈ మూడు పేర్లూ అరబీలో మొదలయ్యేది దీంతోనే, మనకి మాత్రం వట్టి అచ్చులా వినిపిస్తాయి.

సోమాలీలో బాగానే బతికుంది, పైగా వాళ్ళు రోమన్ లిపిలో "సి" అక్షరంతో రాస్తారు, తెలియకుండా చదివితే పప్పులో కాలేసినట్టే. ఇథియోపియా వైపు తిగ్రిన్యా భాషలో ఉంది, పక్కనే ఉన్న అమ్హారిక్‌లో అక్షరం మిగిలింది శబ్దం పోయింది. హీబ్రూది కూడా కాస్త అదే కథ, ఇప్పుడు ఎక్కువమంది పలకరు, యెమెన్ నుంచి వచ్చిన యూదుల్లో పెద్దవాళ్ళ నోట వినొచ్చు. ఉర్దూ, ఫార్సీల్లో రాతలో ఉంటుంది గానీ అరబీలోలా పలకరు. మాల్టా దీవి భాష మాల్టీస్‌లోనూ అంతే, స్పెల్లింగ్ ఉంది, పలకడం లేదు.

ఇవన్నీ అరబీ చుట్టాలో, ఇరుగుపొరుగో అనుకోవచ్చు, కానీ నాకు భలే అనిపించేది కెనడా వాంకూవర్ దీవిలోని నూ-చా-నుల్త్ భాష. అరబీతో ఏ సంబంధమూ లేదు, అక్కడ గొంతు లోపల పలికే పాత "క" లాంటి శబ్దాలు ఇంకా కిందికి జారి ఇలా మారాయి. కాకసస్ కొండల్లో చెచెన్ లాంటి భాషల్లో కూడా ఈ గొంతు శబ్దాలు ఉన్నాయి.